సెమినార్ స్లైడ్లకు బొమ్మలు: వినకూడని పది సలహాలు

మంగళ్‌పల్లి నుంచి శేరిగూడ, ఖానాపూర్ దాకా సాగర్ రోడ్డుకు అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీలు బారులు తీరి ఉంటాయి. ఫైనలియర్ వచ్చిందంటే ఇబ్రహీంపట్నంలో ఏ హాస్టల్ గదిలో చూసినా పీపీటీల పనే. టెక్నికల్ సెమినార్, మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు, ఒక్కోదానికి రెండేసి మూడేసి రివ్యూలు. చదువు ముగిసి ఆదిబట్లలో ఉద్యోగం వచ్చినా ఆ పని ఆగదు, అక్కడ క్లయింటుకు చూపించే స్లైడ్లు మొదలవుతాయి. వీటన్నింటిలో రాత కన్నా బొమ్మలే ఎక్కువ. ఈ బొమ్మ వాడొచ్చా అని ఎవరైనా అడిగితే సీనియర్లు, ఒక్కోసారి గైడ్లు కూడా, ఏళ్ల తరబడి అవే జవాబులు చెబుతున్నారు. వాటిలో చాలావరకు తప్పు.

ఆ తప్పుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి బొత్తిగా భయం లేనిది: దొరికిందల్లా వాడేసుకొమ్మంటుంది. రెండోది అతిభయం: చట్టం విద్యార్థి చేతికిచ్చిన వెసులుబాటును కూడా వదులుకొమ్మంటుంది. మొదటిది ఇంకొకరి కష్టాన్ని దోస్తుంది, రెండోది మన చదువును కుదిస్తుంది. రెండింటికీ మూలం ఒక్కటే. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రమే అడిగి, ఆ స్లైడ్ ఎక్కడికి పోతుందని అడగకపోవడం. ఈ రెండో ప్రశ్న అడగడం అలవాటైతే కింద ఉన్న పది సలహాల్లో ఏదీ మిమ్మల్ని పక్కదారి పట్టించలేదు.

1. “గూగుల్ల దొరికిందంటే అందరిదే”

గూగుల్ బొమ్మను వెతికి చూపిస్తుంది, అంతే. దాని మీద హక్కు గూగుల్‌ది కాదు, వెతికిన మీది అంతకన్నా కాదు. 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉన్న మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫోటో తీసిన క్షణంలోనే, బొమ్మ గీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయించనక్కర్లేదు, కింద © గుర్తు పెట్టనక్కర్లేదు. ఫోటోలే కాదు, డయాగ్రాములు, చార్టులు, మ్యాపులు కూడా చట్టం దృష్టిలో కళాకృతులే. ఆ హక్కు కర్త బతికినంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఫోటోలకు ఒకప్పుడు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లని లెక్కించేవారు. 2012 సవరణతో వాటికీ కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అయింది.

గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కితే వాడుక హక్కుల ఫిల్టర్ వస్తుంది. అందులో క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు ఎంచుకోండి, వాటి సంగతి ఆరో సలహా దగ్గర చెబుతాను. అక్కడితో ఆగకండి. బొమ్మ ఉన్న అసలు పేజీ తెరిచి, లైసెన్సు ఏమిటో అక్కడ మీ కళ్లతో చదవండి. ఫిల్టర్ కూడా ఒక్కోసారి పొరబడుతుంది. బొమ్మ వాట్సాప్‌లోనో పింటరెస్ట్‌లోనో దొరికితే గూగుల్ లెన్స్‌తోనో టిన్‌ఐతోనో వెనక్కి వెతికి మూలం పట్టుకోండి. మూలం దొరకని బొమ్మను తరగతి గది దాటించొద్దు.

2. “సదువు కోసమే గదా, ఏదన్నా వాడుకోవచ్చు”

ఈ పదింటిలో నిజానికి అతి దగ్గరగా ఉన్నది ఇదే. అందుకే ఎక్కువ హాని చేసేదీ ఇదే.

చట్టంలోని 52వ సెక్షన్ ‘ఐ’ క్లాజు ఒక విశాలమైన తలుపు తెరిచింది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ కృతినైనా పునరుత్పత్తి చేస్తే అది ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో వాడినా, జవాబులో వాడినా అంతే. ఈ క్లాజు ఎంత దూరం పోతుందన్నది ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో తేలింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం కోర్సు ప్యాకులు తయారు చేసి ఇస్తోందని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ దావాను కొట్టేసింది. డిసెంబర్‌లో డివిజన్ బెంచి కొన్ని వాస్తవాలను తేల్చడానికి కేసును వెనక్కి పంపినా, బోధన అంటే తరగతిలో పాఠం చెప్పే గంట మాత్రమే కాదన్న సూత్రాన్ని నిలబెట్టింది. బోధన అవసరానికి తగినంత వాడారా లేదా అన్నదే కొలత అంది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు.

కాబట్టి మీ సెక్షన్ ముందు, మీ గైడ్ ముందు, మార్కుల కోసం ఇచ్చే టెక్నికల్ సెమినార్‌లో ఐఈఈఈ పేపర్లోని బ్లాక్ డయాగ్రామ్ చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది మీ హక్కు. ధైర్యంగా వాడండి.

కానీ ఆ స్లైడ్లు అక్కడే ఉండవు. సెమినార్ బాగుందని హెచ్‌వోడీ అంటే వీడియో తీసి కాలేజీ యూట్యూబ్ ఛానెల్‌లో పెడతారు. మీరే లింక్డ్‌ఇన్‌లోనో స్లైడ్‌షేర్‌లోనో ఎక్కిస్తారు. అవే స్లైడ్లతో సెలవుల్లో ఫీజు తీసుకుని వర్క్‌షాపు పెడతారు. అదే ప్రాజెక్టుతో స్టార్టప్ పోటీకి వెళ్లి పెట్టుబడిదారుల ముందు నిలబడతారు. బొమ్మ మారలేదు, స్లైడ్ మారలేదు, చోటు మారింది. ఆ చోట్లలో ‘ఐ’ క్లాజు మీ వెంట రాదు. లోకమంతటికీ తెరిచిన యూట్యూబ్ వీడియోను ఒక తరగతి బోధన అనడం కష్టం, పెట్టుబడి కోసం చెప్పే పిచ్‌ను అనడం అసాధ్యం.

అందుకని మొదటి నుంచే రెండు ఫైళ్లు పెట్టుకోండి. ఒకటి తరగతి ఫైలు, రెండోది బయటి ఫైలు. పాఠానికి అవసరమైన బొమ్మలన్నీ మొదటి దానిలో ఉంటాయి. మీ సొంతవి, లైసెన్సు ఉన్నవి, అనుమతి వచ్చినవి మాత్రమే రెండోదానిలోకి పోతాయి. వీడియో తీస్తామని ఎవరైనా అంటే ముందే అడిగి, ఆ రోజు రెండో ఫైలు తెరవండి.

3. “కాపీరైట్ ఉన్నదైతే ముట్టనే ముట్టకు”

ఇది అతిభయం. జాగ్రత్తపరుడి మాటలా వినిపిస్తుంది గానీ, చట్టం చెప్పింది ఇది కాదు. తరగతి గది మినహాయింపు పైన చెప్పాను. దాని బయట కూడా విద్యార్థికి పనికొచ్చేవి మరో రెండున్నాయి.

ఒకటి, విమర్శకూ సమీక్షకూ ఉన్న న్యాయమైన వాడుక. 52వ సెక్షన్ ‘ఏ’ క్లాజు దీన్ని ఒప్పుకుంటుంది. మీరు ఒక సినిమా పోస్టర్ రంగుల కూర్పును విశ్లేషిస్తుంటే ఆ పోస్టర్ చూపించకుండా మాట్లాడలేరు. ఒక యాప్ డిజైన్లో లోపాలు చెబుతుంటే ఆ స్క్రీన్‌షాట్ కావాలి. ఇక్కడ పరీక్ష సులువే. మీరు ఆ బొమ్మ గురించి మాట్లాడుతున్నారా, లేక మాట్లాడేది వేరే ఉండి ఈ బొమ్మను అందానికి పక్కన పెట్టుకున్నారా? మొదటిదైతే చట్టంలో మీకు నిలబడే చోటుంది. “థాంక్యూ” స్లైడ్ వెనక పరిచిన సూర్యోదయం ఫోటోకు లేదు.

రెండోది, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న కట్టడాలూ శిల్పాలూ. భవనం ఫోటో తీసి ప్రచురించినా, జనం వెళ్లగలిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించినా ఉల్లంఘన కాదు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని మీ ఫోన్లో తీసి ఏ స్లైడ్‌లో పెట్టుకున్నా విగ్రహం చెక్కినవారి అనుమతి అక్కర్లేదు. కానీ అదే విగ్రహాన్ని పత్రికా ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో కావాలంటే, ఆ ఫోటో మీద హక్కు ఆయనదే. ఇంకో జాగ్రత్త: ఈ మినహాయింపు కట్టడాలకూ శిల్పాలకూ వర్తిస్తుంది గానీ, గోడ మీద వేసిన చిత్రాలకు వర్తిస్తుందని ధీమాగా చెప్పలేం. మెట్రో పిల్లర్ల మీది బొమ్మల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

4. “కింద పేరు రాస్తే అయిపాయె”

పేరు రాయడం ఒకటి, అనుమతి ఇంకొకటి. పేరు రాయకపోతే అది గ్రంథచౌర్యం (ప్లేజియరిజం). యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు పట్టించుకునేది దాన్ని. అనుమతి లేకుండా వాడితే అది కాపీరైట్ ఉల్లంఘన, చట్టం పట్టించుకునేది దాన్ని. పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. అనుమతి ఉందని పేరు మానేయడమూ కుదరదు. 57వ సెక్షన్ ప్రకారం ఇది నా కృతి అని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు, కాపీరైట్ అమ్మేసుకున్నాక కూడా కర్త దగ్గరే ఉంటాయి. చట్టం ఇచ్చే మినహాయింపుల్లో సైతం పేరు చెప్పడమే మర్యాద.

ఇక “ఇమేజ్ సోర్స్: గూగుల్” అని రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఆ బొమ్మ గీసినవారికి పేరు దక్కదు, చూసేవారికి మూలం దొరకదు. పేరు రాస్తే నాలుగు సంగతులుండాలి: బొమ్మ శీర్షిక, కర్త, దొరికిన చోటు, లైసెన్సు. మార్పు చేస్తే ఆ ముక్క కూడా. “ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు అలుగు, ఫోటో: ఫలానా, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్‌ఏ 4.0, పక్కలు కత్తిరించాం.” ఇది బొమ్మ కిందే చిన్నక్షరాల్లో ఉండాలి. చివరి స్లైడ్‌లో గుంపుగా పెడితే ఆ స్లైడ్ వచ్చేసరికి అందరూ లేచిపోతారు.

లైసెన్సు లేకపోతే అడగండి. అడగడానికి మొహమాటపడి ఎన్నో మంచి బొమ్మలను వదిలేస్తాం, లేదా దొంగిలిస్తాం. అనుమతి రాతపూర్వకంగా ఉండాలని 30వ సెక్షన్ అంటుంది. 2012 సవరణ తర్వాత సంతకం తప్పనిసరి కాదు, కాబట్టి ఫోన్లో “సరేలే” అనిపించుకోకుండా ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇలా రాయండి: “సార్, నమస్తే. నేను ఇబ్రహీంపట్నంలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. మీరు తీసిన ఫలానా ఫోటోను నా ప్రాజెక్టు ప్రజెంటేషన్‌లో ఒక స్లైడ్‌లో వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాను. ఆ స్లైడ్లను కాలేజీ యూట్యూబ్ ఛానెల్‌లో కూడా పెడతారు. అమ్మకం ఏదీ లేదు. ఫోటో కింద మీ పేరు మీరు చెప్పినట్టే రాస్తాను.” ఏ బొమ్మ, ఎక్కడ, ఎందుకు, డబ్బు ఉందా లేదా. ఈ నాలుగూ ఉంటే జవాబిచ్చేవారికి సులువు.

ఐఈఈఈ డయాగ్రాములకు ప్రత్యేకంగా ఒక మాట. థీసిస్‌లో వాడుకోవడానికి ఐఈఈఈ వేరే లైసెన్సు తీసుకోమనదు, మూలం చెప్పి తమ హక్కు గుర్తు పెట్టమంటుంది. మీరే ఒక పేపర్ ప్రచురిస్తూ అందులో ఆ బొమ్మ వాడితే మాత్రం అనుమతి తీసుకోవాలి. ప్లాస్ లాంటి ఓపెన్ యాక్సెస్ పత్రికల్లో బొమ్మలు సీసీ బై కింద ఉంటాయి, పేరు రాసి ఎక్కడైనా వాడుకోవచ్చు. అదే అంశం మీద అక్కడ వెతికితే సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది.

5. “జర మారిస్తే మనదైతది”

30 శాతం మారిస్తే చాలు అన్న లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన కొలత వేరు. భావం ఎవరి సొత్తూ కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ. అసలు కృతినీ రెండోదాన్నీ చూసిన మామూలు మనిషికి ఇది దానికి నకలే అని తేటతెల్లంగా అనిపిస్తే అది ఉల్లంఘనే. బాణం గుర్తుల రంగు మార్చి, పెట్టెల మూలలు గుండ్రంగా చేసినంత మాత్రాన ఆ డయాగ్రామ్ మీదైపోదు.

మరి డయాగ్రామ్‌ను తిరిగి గీయొద్దా? తప్పకుండా గీయండి. పేపర్ మూసేసి, మీకు అర్థమైన వ్యవస్థను కాగితం మీద మీ వరుసలో గీయండి. ఆ పేపర్లోని అంకెలూ కొలతలూ వాస్తవాలు, వాటిని ఎవరూ సొంతం చేసుకోలేరు. మూలం పేర్కొని వాటితో మీ గ్రాఫ్ మీరు వేసుకోండి. చూసి గీసిన బొమ్మ వైవాలో మిమ్మల్ని కాపాడదు. అర్థం చేసుకుని గీసిన బొమ్మలో ప్రతి గీతకూ మీ దగ్గర జవాబుంటుంది.

వాటర్‌మార్క్ చెరిపేయమనే సలహా మరీ ప్రమాదం. 2012లో చేర్చిన 65బీ సెక్షన్ ప్రకారం కర్త పేరు, హక్కుల వివరాలు తెలిసి తెలిసి తొలగించడం దానికదే నేరం, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. పొరపాటున వాడానని చెప్పుకునే అవకాశాన్ని కూడా ఆ పని తుడిచేస్తుంది.

6. “ఫ్రీ సైట్లదైతే ఏం సూడనక్కర్లే”

ఉచితమంటే డబ్బు అడగరని, షరతులు లేవని కాదు. క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబర్‌లో తొలి లైసెన్సులు విడుదల చేసింది. ఇప్పుడు ఆరు రకాలున్నాయి, కానీ గుర్తుంచుకోవాల్సిన ముక్కలు నాలుగే. బై అంటే పేరు రాయాలి. ఎస్‌ఏ అంటే బొమ్మను మార్చి పంచితే ఆ మార్చిన బొమ్మనూ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. బొమ్మను ఉన్నదున్నట్టు పెడితే మీ స్లైడ్లన్నీ ఆ లైసెన్సు కిందికి రావు. ఎన్‌సీ అంటే వ్యాపార లాభం కోసం వాడకూడదు. చూసేది మీరెవరని కాదు, ఎందుకు వాడారని. ఫీజు వర్క్‌షాపుకూ స్టార్టప్ పిచ్‌కూ ఎన్‌సీ బొమ్మలు వద్దు. ఎన్‌డీ అంటే మార్చిన బొమ్మను పంచకూడదు, కాబట్టి కత్తిరించకుండా, పైన రాతలు రాయకుండా పెట్టండి. వీటికి తోడు సీసీ జీరో ఉంది. అందులో కర్త తన హక్కులన్నీ వదులుకున్నాడు.

4.0 లైసెన్సుల్లో ఒక దయ కూడా ఉంది. పేరు రాయడం మరిచిపోయారని తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే లైసెన్సు మళ్లీ మీకు వర్తిస్తుంది.

అన్‌స్ప్లాష్, పిక్సబే ఒకప్పుడు సీసీ జీరో కింద బొమ్మలిచ్చేవి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సబే 2019లో సొంత లైసెన్సులకు మారాయి. స్లైడ్లలో వాడుకోవడానికి వాటిలో అడ్డు లేదు, కానీ ఆ ఫోటోలో కనిపించే మనిషి ముఖాన్నీ కంపెనీ లోగోనూ మీ ఉత్పత్తికి ప్రచారంగా వాడుకోవడానికి అవి పూచీ ఇవ్వవు.

వికీపీడియాలో ఉన్నవన్నీ స్వేచ్ఛా బొమ్మలే అన్నదీ పొరపాటే. సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు, లోగోలు న్యాయమైన వాడుక కింద ఆ వ్యాసం వరకే పెడతారు. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌లో మాత్రం ఎన్‌సీ, ఎన్‌డీ బొమ్మలను రానివ్వరు. అందుకే వికీపీడియా పేజీలోని బొమ్మను నొక్కి, అది కామన్స్‌లో ఉందో లేదో చూడండి.

7. “పాత బొమ్మ ఎవ్వరిది గాదు”

ఎంత పాతదన్నది కాదు, కర్త ఎప్పుడు పోయాడన్నదే లెక్క. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. రవీంద్రుని రచనల గడువు ముగిసిపోతున్న సమయంలో, 1992లో, 50 ఏళ్లను 60 చేశారు.

మన బొమ్మలతోనే లెక్క వేద్దాం. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆనాటి హైదరాబాద్‌ను ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు అందరివీ. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28వ ఏటే పోయారు, ఆయన చిత్రాలూ అంతే. 1952లో పోయిన అడివి బాపిరాజు చిత్రాలు 2013 నుంచి స్వేచ్ఛ పొందాయి. తెలుగుదనం అనగానే స్లైడ్‌లో పెట్టే బాపు బొమ్మ మాత్రం అలా కాదు. ఆయన 2014లో పోయారు కనుక 2074 చివరిదాకా హక్కు ఉంటుంది. చందమామ చదివినవారు మరిచిపోలేని వడ్డాది పాపయ్య 1992లో పోయారు, ఆ బొమ్మలకు 2052 దాకా. తెలంగాణ పండుగల స్లైడ్లలో తరచుగా కనిపించే నిండు బొట్టు, రంగుల చీరల స్త్రీమూర్తులను గీసిన తోట వైకుంఠం మన కాలపు చిత్రకారుడు. ఆయన శైలి చూసి మీరు నేర్చుకోవచ్చు. ఆయన చిత్రాన్నే దించుకోవాలంటే అడగాలి.

సినిమాకు లెక్క వేరు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 నాటి ‘మాయాబజార్’ సినిమా హక్కు 2017తో తీరింది, కాబట్టి ఆ నలుపు తెలుపు సినిమాలోంచి తీసిన ఒక ఫ్రేమ్‌ను వాడొచ్చు. 2010లో రంగులద్దిన ప్రతిలోంచి మాత్రం తీసుకోకండి.

8. “సర్కారుదంటే మనందరిది”

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం తయారు చేసిన వాటికి అక్కడ కాపీరైట్ లేదు. అందుకే నాసా ఫోటోలను పేరు చెప్పి స్వేచ్ఛగా వాడుకుంటాం. మన దేశంలో అలా కాదు. ప్రభుత్వ కృతులకు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ల హక్కు ఉందని 28వ సెక్షన్ చెబుతోంది. ఇస్రో ఫోటో, మన జిల్లాలోనే షాద్‌నగర్‌లో కేంద్రమున్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రం తీసుకుంటే ఆ సైట్ అడుగున ఉండే కాపీరైట్ విధానం చదవండి. చాలా ప్రభుత్వ సైట్లు మూలం చెబితే వాడుకోనిస్తాయి, కొన్ని ముందు మెయిల్ చేయమంటాయి. తీర్పులు, గెజిట్, చట్టసభల ముందుంచిన కమిటీ నివేదికలు మాత్రం పునర్ముద్రించుకోవడానికి 52వ సెక్షనే వీలిచ్చింది.

మ్యాపు కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మంచి దారి, కింద దాని పేరు రాస్తే చాలు. గూగుల్ మ్యాప్స్, గూగుల్ ఎర్త్ తెరలను కూడా ప్రజెంటేషన్లలో చూపించొచ్చు, మూలలో ఉన్న పేర్లను కత్తిరించకపోతే. భారతదేశం సరిహద్దులు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిచూసుకోండి, తప్పు సరిహద్దులు ప్రచురించడం వేరే చట్టం కింద నేరం. పథకాల మీద స్లైడ్లు చేసేటప్పుడు మూడు సింహాల చిహ్నం పెట్టేస్తుంటారు. ఇది ప్రభుత్వ పత్రమేమో అనిపించేలా దాన్ని వాడకూడదని 2005 చట్టం ఉంది. మానేయండి.

9. “ఏఐతోని గీయించు, పంచాదే ఉండదు”

పంచాయితీ ఇంకా తెగలేదన్నది నిజం. మనిషి కర్తృత్వం లేని బొమ్మకు కాపీరైట్ రాదని అమెరికా అప్పీలు కోర్టు 2025 మార్చిలో తేల్చింది. అంటే మీ స్టార్టప్ లోగోను పూర్తిగా యంత్రంతో గీయిస్తే, ఇంకొకరు దాన్ని ఎత్తుకుపోయినప్పుడు అడ్డుకోవడం కష్టం కావచ్చు. ఏఐ శిక్షణకు ఇతరుల కృతులు వాడుకోవడం మీద మన దేశంలో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద 2024 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఫలానా చిత్రకారుడి ఫలానా బొమ్మలా గీయి అని అడిగి, అచ్చం అలాంటిదే వస్తే, యంత్రం గీసిందన్న మాట మిమ్మల్ని కాపాడదు.

అంతకన్నా పెద్ద అభ్యంతరం చదువుకు సంబంధించింది. యంత్రం గీసిన సర్క్యూట్‌లో తీగలు ఎక్కడెక్కడో కలుస్తాయి, లేబుళ్లు తప్పుతాయి. యంత్రం గీసిన పెద్ద చెరువు మన పెద్ద చెరువు కాదు. వాస్తవం చూపించాల్సిన స్లైడ్‌లో కల్పన పెట్టడం సాంకేతిక విద్యకే విరుద్ధం. అలంకారానికి వాడితే ఏఐ బొమ్మ అని కింద రాయండి. ఆధారానికి వాడనే వాడొద్దు.

10. “నోటీస్ వస్తే డిలీట్ కొట్టి సప్పుడు చెయ్యకు”

తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా చెబుతోంది. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపార లాభం లేనప్పుడు శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంది. స్లైడ్‌లో ఒక బొమ్మకు జైలుకు పంపుతారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నోటీసును తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

మొదట ఆ బొమ్మను బయటి చోటు నుంచి తీసేయండి. కానీ ఆధారాలు చెరిపేయకండి: ఎక్కడ దొరికింది, ఆ రోజు లైసెన్సు ఏముంది, స్క్రీన్‌షాట్, ఈమెయిళ్లు దాచండి. తర్వాత కాలేజీకి చెప్పి, న్యాయవాదిని అడిగి, రాతపూర్వకంగా జవాబివ్వండి. అడిగినవారికి నిజంగా హక్కు ఉందో లేదో కూడా చూడాలి. అమెరికా ఫోటోగ్రాఫర్ కరోల్ హైస్మిత్ తన ఫోటోలను ప్రజలందరి కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. తన సొంత ఫోటోనే తన సంస్థ సైట్‌లో పెట్టుకున్నందుకు 120 డాలర్లు కట్టమని ఆమెకే ఉత్తరం వచ్చింది. 2016లో ఆమె కోర్టుకు వెళ్లినా కాపీరైట్ వాదన నిలవలేదు, హక్కును అప్పటికే వదులుకుంది కనుక. మన చట్టంలో మాత్రం ఆధారం లేని బెదిరింపులు ఎదుర్కొన్నవారు 60వ సెక్షన్ కింద కోర్టుకెళ్లి వాటిని ఆపించుకోవచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. తప్పు మీదైతే ఒప్పుకుని న్యాయమైన రుసుము మాట్లాడుకోండి. కాకపోతే భయపడి కట్టకండి.

రేపు సెమినార్ ఉంటే

ఇవాళ రాత్రి ఈ వరుసలో చేయండి. ఒక్కో బొమ్మ పక్కన రెండు ముక్కలు రాయండి: ఎక్కడిది, ఎక్కడికి పోతుంది. తరగతి దాటనివి అలాగే ఉంచి మూలం రాయండి. దాటేవాటిలో అందానికి మాత్రమే పెట్టినవి తీసేయండి, స్లైడ్ ఇంకా స్పష్టమవుతుంది. మిగిలినవాటిలో గీయగలిగినవి మీరే గీయండి. గీయలేని వాటికి కామన్స్‌లో ప్రత్యామ్నాయం వెతకండి. అదీ దొరకకపోతే మెయిల్ రాయండి. జవాబు రాకపోతే బొమ్మ బదులు లింకు ఇవ్వండి. లింకుకు అనుమతి అక్కర్లేదు.

ఇంతకన్నా మంచి దారి మీ ఫోన్లోనే ఉంది. నీటి పారుదల మీద ప్రాజెక్టయితే కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్లి మీరే ఫోటో తీయండి. రోడ్డు రద్దీ మీద అయితే సాగర్ రోడ్డు ఉంది, పంటల మీద అయితే యాచారం దారి ఉంది. మనుషులు కనిపిస్తే అడిగి తీయండి. బటన్ నొక్కిన చేతిదే హక్కు, కాబట్టి మీ ఫోన్‌తో ఫ్రెండ్ తీస్తే ఆ ఫ్రెండ్‌ను అడిగి పేరు రాయండి. కాలేజీ డబ్బిచ్చి పిలిపించిన ఫోటోగ్రాఫర్ తీసినవైతే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు డబ్బిచ్చినవారిది. అక్కడ కాలేజీని అడగాలి.

తీసిన వాటిలో మంచివి వికీమీడియా కామన్స్‌లో మీ పేరుతో పెట్టండి. ఎవరో జర్మనీలోనో కేరళలోనో ఉన్న మనిషి తన బొమ్మను పేరు రాస్తే చాలని వదిలేశాడు కాబట్టే మన స్లైడ్లు నిండుతున్నాయి. తీసుకునేవాళ్లమే అయి, ఇచ్చేవాళ్లం కాకపోతే ఆ ఉమ్మడి సొత్తు ఎంతో కాలం నిలవదు. పైగా మన చెరువుకూ మన రోడ్డుకూ మన పొలాలకూ మంచి ఫోటోలు బయటివాళ్లు వచ్చి తీసిపెట్టరు. ఏటా సాగర్ రోడ్డు కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లల్లో ప్రతి బ్యాచ్ ఒక్కో మంచి బొమ్మ లైసెన్సుతో ఇచ్చి వెళ్తే, కింది తరగతుల వాళ్లకు “గూగుల్ల దొరికిందంటే అందరిదే” అన్న సలహా అవసరమే ఉండదు. వాళ్లకు చెప్పే మొదటి సలహా మీదే కావాలి: బొమ్మ ఎవరిదో కనుక్కో, స్లైడ్ ఎక్కడికి పోతుందో చూసుకో, నీ బొమ్మ కూడా ఒకటి ఇచ్చిపో.